అప్‌డేట్: బిగుసుకుపోయిన పాత కుట్టుమిషను మళ్లీ తిరుగుతోంది

ఏళ్లుగా వాడక చక్రం బిగుసుకుపోయిన మా పాత కుట్టుమిషనును ఎలా బాగుచేయాలని లోగడ అడిగాను. మీరన్నట్టే, లోపం ఇనుములో కాదు, బంకలా గట్టిపడిన పాత నూనెలో ఉంది. ప్రతి నూనె రంధ్రంలోనూ కిరోసిన్ చుక్కలు వేసి, 2 రోజులు నాననిచ్చి, చక్రాన్ని బలవంతపెట్టకుండా ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదుపుతూ పోగా చివరికి పూర్తిగా తిరిగింది. తర్వాత కిరోసిన్ తుడిచి మిషను నూనె వేశాను. అయినా గుడ్డ అడుగున దారం ఉచ్చులుగా పడుతుంటే అడుగు దారం చుట్టి ఉండే బాబిన్‌ను అనుమానించాను గాని, తప్పు నాదే: గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం దించి ఉంచి పై దారం ఎక్కించడంతో ఆ దారం, దానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగలేదు. పాదం ఎత్తి ఎక్కించాక కుట్టు రెండు వైపులా సమంగా పడుతోంది. నల్లరంగు మీది బంగారు పూలకు మాత్రం కిరోసిన్ తగలనివ్వలేదు. మాసినా అవే అందం. తోలు బెల్టు ఇంకా మార్చాలి.