అప్‌డేట్: పాత ఇన్నోవా స్టీరింగ్ ర్యాక్ లీకు ఆగింది

స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను పక్కకు నెట్టే పళ్ల రాడ్ ఉన్న భాగం) కుడి చివరి రబ్బరు తొడుగైన బూట్‌లో ఆయిల్ నిండుతోందని, పార్కింగ్‌లో స్టీరింగ్ బిగుసుకుంటోందని ముందు పోస్టులో అడిగాను. ర్యాక్ విప్పితే అసలు దోషి చిరిగిన బూటే. నీళ్లు దిగి రాడ్‌కు తుప్పు పట్టి, ఆయిల్ కారకుండా ఆపే సీల్ అంచును ఆ తుప్పు కోసేసింది. తుప్పు గుంట గోటికి తగిలితే ఆ రాడ్ పనికిరాదు, కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుంది. ఇక్కడ పైపైనే ఉంది కాబట్టి 1000 నంబరు నీటి ఎమరీ కాగితంతో (తడిపి రుద్దేది) పోయింది.

సీల్ ఎక్కించేటప్పుడు ర్యాక్ పళ్లకు పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టాలి. లేకపోతే లోపలికి వెళ్లకముందే సీల్ తెగుతుంది. తిప్పిన వైపుకు ఆయిల్ పంపే వాల్వ్ మీది టెఫ్లాన్ రింగులను వేడినీళ్లలో మెత్తబరిచి ఎక్కించి, మళ్లీ నొక్కి సైజుకు తేవాలి. సీల్ కిట్‌లో చెడేవి ఎక్కువగా ఇవే.

డెక్స్‌రాన్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రకం) ఆయిల్ పోసి, ముందు చక్రాలు లేపి, ఇంజన్ ఆఫ్‌లోనే స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి 20 సార్లు తిప్పాలి. నురగ పోయాకే స్టార్ట్. ర్యాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ మరలు లెక్కపెట్టి బిగించినా వీల్ అలైన్‌మెంట్ చేయించక తప్పదు.