"మీఁదఁ గీడు" అంటే నెత్తి మీదా, మునుముందా?

గోదారిగట్టు: హుకువాంగ్ రైల్వే అప్పు గొడవ చదువుతుంటే సుమతి పద్యం ఒకటి పొద్దుట్నుంచి నోట్లో నానుతోంది. 1911లో చైనానేలిన చింగ్ రాజులు బ్రిటిష్, ఫ్రెంచ్, జర్మన్, అమెరికన్ బ్యాంకుల దగ్గర 60 లక్షల పౌన్లు తెచ్చారు. ఆ బాండ్లు పట్టుకుని 1979లో కొందరు అలబామా కోర్టుకెక్కితే, చైనా అటు తొంగి చూడలేదు, 1982లో 4 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమని తీర్పు. 1983 ఫిబ్రవరిలో చైనా అమెరికాకు రాసిచ్చిన పత్రంలో, పోయిన ప్రభుత్వాల అప్పులు మావి కావు, సార్వభౌమ దేశాన్ని పరాయి కోర్టు విచారించడమేంటి అంది. "అప్పుగొని సేయు విభవము", ఆ తర్వాత సగం మర్చిపోయా, చివర "దెప్పరమై మీఁదఁ గీడు దెచ్చుర". ఈ 'మీఁద' ఏ మీద?

పాతపుస్తకం: మునుముందే. ఇకమీద, మీదట అంటాంగా. అప్పు 1911లో, తలనొప్పి 72 ఏళ్లకి.

కందపద్యం: మూడో పాదం వదిలేశారు తమ్ముడూ, "దప్పరయని నృపురాజ్యము", తప్పొప్పులు చూసుకోని రాజు ఏలుబడి అని. చింగ్‌కి అసలు తగిలేది అదే. సిచువాన్ జనం చందాలేసుకుని మొదలెట్టిన లైను లాక్కుని విదేశీ అప్పుకి ముడిపెట్టారు, జనం తిరగబడితే హుబే నుంచి పటాలాన్ని అటు పంపారు, ఇటు అదే హుబేలో అక్టోబర్ 10న వూచాంగ్ భగ్గుమంది. నాలుగు నెలల్లో సింహాసనం గోవిందా. కీడు నెత్తి మీదే.

పాతపుస్తకం: తేలాల్సింది 'దెప్పరమై'లోని 'దె' అండీ. రాజ్యము + తెప్పరమై అనుకోండి, గసడదవాదేశంతో ద వచ్చుండొచ్చు. తెప్పరిల్లడమంటే కోలుకోవడం. ముందు కోలుకున్నట్టుండి తర్వాత ముంచుతుందన్నమాట!

కందపద్యం: బ్రౌన్ నిఘంటువులో దెప్పరము ద తోనే ఉంది, ఆపద అని.

పాతపుస్తకం: బ్రౌన్ సరే, యతి చూడండి. ఆ 'దెచ్చుర' కూడా 'తెచ్చుర' నుంచి వచ్చిందే. త, ద ఎలాగూ కలుస్తాయి, ప్రాస 'ప్ప' మీదుంది. ఛందస్సు నాకు అడ్డు చెప్పదు.

ఉప్పుకల్లు: బాకీల మాటొచ్చాక శ్రీనాథుడు లేకపోతే ఎలా? "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు"! కవిసార్వభౌముడై ఉండీ సార్వభౌమ రక్షణ అడగలేకపోయాడు పాపం.

కందపద్యం: అది అప్పు కాదండీ, బొడ్డుపల్లె శిస్తు. ఇంతకీ అదే పద్యంలో "గొడ్డేరి మోసపోతి" అన్నచోట ఏరి అంటే ఎంచుకునా, నాగలా?

గోదారిగట్టు: నా 'మీఁద' సంగతి? పరాయి దేశాల మీద దావాలకి దారిచ్చిన 1976 అమెరికా చట్టం అంత పాత అప్పుకి వర్తించదని 1984లో అదే కోర్టు తన తీర్పు కొట్టేసింది, 1986లో అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది. ఇక కీడెక్కడ?

పాతపుస్తకం: బాండ్లు దాచుకున్నవాళ్లకి.

కందపద్యం: అప్పిచ్చినవాడి ఊసు ఈ పద్యంలో లేదు, దానికి వేరే పద్యం వెతకండి.

ఉప్పుకల్లు: బండి ర (ఱ) తో ఉన్న ప్రతి ఎవరి దగ్గరైనా ఉందా? 'గొడ్డేఱి' అయితే మాత్రం నాగలి కుదరదు.