సైకిల్ ర్యాక్ మీద అరటి చెట్లు కట్టుకుని హ్యూస్టన్ నుంచి ఫ్రిస్కో రావచ్చా?

రావులపాలెం బుల్లోడు:

వచ్చే శనివారం టెక్సాస్‌లో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా గృహప్రవేశం. గుమ్మానికి రెండు పక్కలా అరటి చెట్లు ఉండాల్సిందేనని మా అమ్మ పట్టు. అరటి మార్కెట్టున్న ఊళ్లో పుట్టినవాణ్ణి, ఇక్కడ రెండు చెట్ల కోసం ఇన్ని తిప్పలు పడతాననుకోలేదు. హ్యూస్టన్ పక్కన కేటీ ఊళ్లో మా పెద్దమ్మ వాళ్ల పెరట్లో గుబురుగా పెరిగాయి, వచ్చి కొట్టుకెళ్లమంది. ఒక్కోటి ఏడెనిమిది అడుగులుంటుంది.

నాది క్యామ్రీ కారు. వెనక ఒకటింపావు అంగుళం హిచ్ (సామాను తగిలించుకునే ఇనప గొట్టం), దానికి రెండు సైకిళ్ల ర్యాక్ ఉంది. చక్రాలు ట్రేలో పెడితే పైనుంచి కొక్కెం దిగి ముందు చక్రాన్ని నొక్కిపట్టే రకం. ఒక్కో సైకిల్ 60 పౌండ్ల దాకా అని రాసుంది. అరటి చెట్టు మహా అయితే ముప్ఫై ఉంటుందేమో. అడ్డంగా పడుకోబెట్టి బంజీ తాళ్లతో బిగిస్తే 250 మైళ్ల పైచిలుకు వచ్చేస్తాయా? ట్రక్కు అద్దెకు తీసుకోమని మాత్రం చెప్పకండి, ఆ మాట మా ఆవిడ పొద్దున్నే అనేసింది.

నట్టు బోల్టు:

తమ్ముడూ, ముందు ఆ ముప్ఫై లెక్క సరిచేద్దాం. అరటి బోదె నిండా నీళ్లే. ఆరంగుళాల మందం, ఏడడుగుల పొడుగు ఉన్న గొట్టంలో నీళ్లు నింపితే సుమారు 85 పౌండ్లు. బోదె పైకి సన్నబడుతుంది, లోపల గాలి అరలుంటాయి, అందుకని బాగా తగ్గించి వేసుకున్నా యాభై దగ్గరికి వస్తుంది. పైన ఆకుల బరువు వేరే.

హిచ్ సంగతి చూస్తే, నీది క్లాస్ 1 (తేలిక రకం) అయితే దాని మీద పడే బరువు 200 పౌండ్లు దాటకూడదు. అందులో ర్యాక్ సొంత బరువు కూడా కలుస్తుంది. హిచ్‌కి ఒక హద్దు, ర్యాక్‌కి ఒక హద్దు. రెండింట్లో ఏది తక్కువైతే అదే నీ లెక్క. అయితే అసలు చిక్కు బరువు దగ్గర లేదు. ఆ ర్యాక్ చక్రాన్ని పట్టుకోవడానికి చేసింది. టైరు గుండ్రంగా ఉంటుంది, కొక్కెం నొక్కితే కొంచెం నొక్కుకుని పట్టు ఇస్తుంది. బోదెని నొక్కితే పైపొర నలిగి జారుతుంది, జారేకొద్దీ పట్టు వదులవుతుంది. మాన్యువల్ తీసి చూడు, సైకిళ్లు తప్ప మరేదీ పెట్టొద్దని ఉంటుంది. అది మాటవరసకి రాసింది కాదు.

బంజీ సాగుతుంది. నిలబెట్టి ఉన్నప్పుడు బిగువుగానే కనిపిస్తుంది, హైవే మీద గతుకు తగలగానే సరుకు ఎగురుతుంది, తాడు సాగి దానికి దారి ఇస్తుంది. కట్టాలంటే రాచెట్ స్ట్రాప్ (పిడి తిప్పి బిగించే, సాగని పట్టీ) వాడు. పట్టీకి ఒక్క మెలిక వేసి కడితే గాలికి టపటపా కొట్టుకోదు. మొదటి పది మైళ్లకే ఆపి మళ్లీ బిగించు.

ఇంకోటి. ఎనిమిది అడుగులు అడ్డంగా పెడితే కారు వెడల్పు ఆరడుగులే, రెండు పక్కలా పొడుచుకొస్తుంది. టెక్సాస్‌లో కారు మీద సరుకు ఎడమ పక్క మూడు అంగుళాలు, కుడి పక్క ఆరంగుళాలు దాటకూడదు. ఆకులు నంబరు ప్లేటునీ బ్రేకు లైట్లనీ కప్పేస్తాయి, అది ఇంకో తప్పు. నిలబెట్టి కడదామంటావేమో, 70 మైళ్ల వేగంలో పైనున్న ఆకులు తెరచాపలా గాలి పట్టి మొత్తం ర్యాక్‌ని వెనక్కి గుంజుతాయి.

కూలర్ బాధితుడు:

నేను ఒకసారి ఇలాంటి ర్యాక్ మీద ప్లాస్టిక్ కూలర్ కట్టాను. కట్టడం బాగానే కట్టాను. సైలెన్సర్ గొట్టం సరిగ్గా దాని కిందే ఉందన్న సంగతి చూసుకోలేదు. రెండు గంటల తర్వాత దిగి చూస్తే అడుగు మెత్తబడి కరిగింది, పెరుగన్నం వేడిగా ఉంది. మీ అరటికి కూడా ఆ వేడి తగులుతుంది, చూసుకోండి.

హ్యూస్టన్ వదిన:

అబ్బాయ్, ర్యాక్ గొడవే వద్దు. మేం దసరాకి ఏటా తీసుకెళ్తాం, కార్లోపలే. బోదెని ఆరడుగులకి కొట్టండి, నేల దగ్గర్నుంచి కాకుండా కొంచెం పైకి. కింది ముదురాకులు తీసేసి, పైన మూడు నాలుగు ఆకులు ఉంచి, వాటిని మొవ్వు చుట్టూ దగ్గరికి చేర్చి పాత దుప్పటిలో చుట్టి మెత్తగా కట్టండి. వెనక సీట్లు మడిచి, కోసిన చివర డిక్కీలోకి, ఆకులు ముందు సీటు వైపుకి వచ్చేట్టు పెట్టండి. ముందు సీటు బాగా వెనక్కి వాల్చాలి, అక్కడ మనిషి కూర్చోకూడదు. కోసిన చోట తడి గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు. అరటి కర సీటుకి అంటితే జన్మకి పోదు.

గాలిలో పెడితే రెండొందల మైళ్లు అక్కర్లేదు, ఇరవైకే ఆకు చీలికలై చీపురులా అవుతుంది. అలాంటి ఆకు గుమ్మానికి కట్టి ఏం లాభం?

రావులపాలెం బుల్లోడు:

వదిన గారు చెప్పినట్టే చేశాను. ర్యాక్ ఊడదీసి గరాజ్‌లో పడేశాను. కార్లో ఎటూ చోటుండదని తెలిసి మా ఆవిడ వేరే కారులో పెద్దమ్మ వాళ్లతో వచ్చింది. దారిలో మాడిసన్‌విల్‌లో బకీస్ పెట్రోలు బంకు దగ్గర గ్యాస్ కొట్టించుకుంటుంటే ఒకాయన అద్దంలోంచి చూసి పామా అని అడిగాడు, దుప్పటి చుట్టి ఉంది కదా. ఆకులు రెండే చీలాయి.

ఇంట్లో దించాక అమ్మ చూసి "ఏంట్రా, ఇంత పొట్టిగా ఉన్నాయి?" అంది. బకెట్లలో ఇటుకలు పేర్చి వాటి మీద నిలబెట్టి కట్టాం, గుమ్మం ఎత్తుకి సరిపోయాయి.

ప్లాస్టిక్ కవరు ఎక్కడో జారినట్టుంది, మడిచిన వెనక సీటు మీద అరచేయంత కర పడింది. దేనితోనైనా పోతుందా?

హ్యూస్టన్ వదిన:

సీటు కవర్లు కొనుక్కోండి బాబూ.