సమస్య: భాజకమ్ము నెఱుఁగకయె భాజ్య మనిరి

ఈ వారం సమస్య తేటగీతి పాదం. భాగించే సంఖ్య తెలియకుండానే "ఇది భాగింపబడుతుంది" అన్నారట! పెద్ద సంయుక్త సంఖ్యల మీదే పూరించాలి.

మొదటి పూరణ

అఱువదేడు రెండ్లఁ గుణించి యంత నొకటి
తీసివేయఁగా వచ్చిన దీని నరసి
లూకసనువాఁడు తర్కంపు లోఁతు లెఱిఁగి
భాజకమ్ము నెఱుఁగకయె భాజ్య మనిరి

*నిర్వాహకుడు:* విషయం బాగా ఎంచుకున్నారు. 1644లో మెర్సెన్ ప్రధాన సంఖ్యల పట్టికలో చేర్చిన ఈ 21 అంకెల సంఖ్యను (అరవై ఏడు 2లను ఒకదానితో ఒకటి గుణించి 1 తీసేస్తే వచ్చేది), 1876లో లూకస్ కారణాంకం ఒక్కటీ చూపకుండానే సంయుక్తమని తేల్చాడు. ఛందస్సు సరిపోయింది. కానీ 'వాఁడు... అనిరి' పొసగదు. 'లూకసనువారు' అంటే గణం చెడదు.

*ఒక సభ్యుడు:* 'తర్కంపు లోఁతు' అనేసి ముడి విప్పినట్టేనా మాస్టారూ? ఎలా తెలిసిందో పద్యం చెప్పలేదు.

*నిర్వాహకుడు:* న్యాయమైన మాట. సమస్యకు ప్రాణం అక్కడే ఉంది. రెండో పూరణ చూడండి.

రెండో పూరణ

మూఁటి వర్గింపఁ బలుమార్లు ముగియునపుడు
శేష మొక్కటి తక్కువై చేరకున్న
ఫెర్మ సంఖ్యను విడఁదీయు వెరవు లేక
భాజకమ్ము నెఱుఁగకయె భాజ్య మనిరి

*నిర్వాహకుడు:* ఇదీ పూరణంటే! పెపాన్ పరీక్షను రెండు పాదాల్లో కుదించారు. 2ను వరసగా వర్గం చేస్తూ పోయి చివర 1 కలిపితే వచ్చేది ఫెర్మా సంఖ్య; అయిదు సార్లు వర్గం చేస్తే అయిదోది. 3ను వర్గం చేసి ఫెర్మా సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి, ఆ శేషాన్ని మళ్ళీ వర్గం చేయాలి, ఇలాగే సాగాలి. చివర మిగిలేది ఆ సంఖ్యకు సరిగ్గా ఒకటి తక్కువైతే అది ప్రధానం. కాకుంటే సంయుక్తమే. ఏది భాగిస్తుందో ఈ లెక్క చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ దానికి లేదు. ఫె–వె యతి చక్కగా పడింది.

*ఒక సభ్యురాలు:* 'పలుమార్లు' అని తేల్చేశారు గానీ, ఇరవై నాలుగో ఫెర్మా సంఖ్యకైతే 1,67,77,215 సార్లు వర్గం చేయాలండీ! ఆ సంఖ్యలో అంకెలే యాభై లక్షల పైచిలుకు. 1999లో దాన్ని సంయుక్తమని తేల్చింది ఈ పరీక్షే.

*నిర్వాహకుడు:* అంత సంఖ్యను తేటగీతిలో ఇరికించమంటే కవి పారిపోతాడు. 'పలుమార్లు' చాలు.

అయిదో ఫెర్మా సంఖ్య మీద వచ్చిన పద్యాన్ని తీసుకోలేదు. 1732లో ఆయిలర్ 641 అనే భాజకాన్ని చూపించే దాన్ని విడదీశాడు. 'ఎఱుఁగకయె' అక్కడ అబద్ధమవుతుంది.

మూడో పూరణ

నల్లబల్లపైఁ గోలు మౌనమ్ముగాను
రెండు సంఖ్యల గుణియించి చక్కఁ జూపె
తొల్లి యిరువదేడేండ్లకు దొడ్డవారు
భాజకమ్ము నెఱుఁగకయె భాజ్య మనిరి

*నిర్వాహకుడు:* కథ రక్తి కట్టింది. 1903లో కోల్ మాట్లాడకుండా 193707721ని 761838257287తో గుణించి, లూకస్ చెప్పిన 147573952589676412927ని రాబట్టాడంటారు. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది: రె–చ కుదరవు. 'జంట సంఖ్యల' అంటే జ–చ మైత్రి దొరుకుతుంది, అర్థమూ మారదు. మొదటి పాదంలో 'మౌనమ్ము' మధ్యలో యతి పడడం నాకు నచ్చింది.

*మూడో పూరణ కవి:* సవరణ శిరోధార్యం. ఒక సందేహం. పద్నాలుగో ఫెర్మా సంఖ్య సంయుక్తమని 1963లో తేలితే, తొలి భాజకం 2010లో గానీ దొరకలేదు. 'తొల్లి నలువదేడేండ్లకు' అని మార్చి దాని మీద నడిపించవచ్చా?

*నిర్వాహకుడు:* గణం అక్షరాలా సరిపోయింది, భేష్! కానీ అక్కడ దొరికింది 54 అంకెల భాజకం ఒక్కటే. దాన్ని తీసేయగా మిగిలిందీ సంయుక్తమే. అందుకని 'జంట' నిలవదు. భాజకాన్ని పట్టింది కంప్యూటరు కాబట్టి నల్లబల్లా పోవాలి. పై రెండు పాదాలూ కొత్తగా కట్టుకొని రండి.