అప్‌డేట్: హోమ్‌పేజీ మార్చాం, పిన్నికి నచ్చింది

మా ఊరివాళ్ళం నడుపుకునే చిన్న సోషల్ సైట్ హోమ్‌పేజీ మారుస్తున్నాం, పోస్టులు వచ్చిన వరసలోనే చూపించాలా, లైకుల లెక్కన పైకి తేవాలా అని నెల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

వచ్చిన వరసకే ఓటేశాం. 2022లో ఫేస్‌బుక్ కూడా 'హోమ్' పక్కన 'ఫీడ్స్' అని తేదీ వరస ట్యాబ్ విడిగా పెట్టింది కదా, ఒకరు గుర్తు చేశారు. మా దగ్గర అదే మొదటి పేజీ. లైకుల లెక్కన పెట్టి చూసినప్పుడు పెళ్ళి ఫొటోలు మూడు రోజులు పైనే కూర్చున్నాయి, రక్తం కావాలన్న పోస్టు అడుగున పడిపోయింది. అది చూశాక ఇక నాకు సందేహం లేదు.

అసలు తిప్పలు అక్షరాలతో వచ్చాయి. పిన్ని ఫోన్లో తెరిచి చూస్తే 'రాష్ట్రం' కింద ఒత్తులు సగానికి తెగిపోయాయి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్ (ఒక్కో వరసకిచ్చే ఎత్తు, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.2 మనకి చాలదు. 1.6 చేస్తే ఒత్తులన్నీ బయటికొచ్చాయి. 'వ్యాఖ్యానించండి' బటన్లో పట్టక రెండు వరసలైంది, 'కామెంట్' అని మార్చేశా. నిజానికి అందరూ అనేదీ అదే.

రంగుల గురించి పెద్దగా ఆలోచించలేదు, పాతవే ఉంచాం.

పిన్ని కళ్ళజోడు లేకుండానే తోటికోడలి పోస్టు చదివి, నన్ను అడగకుండా జవాబు పెట్టింది. చాలా సంతోషమేసింది. ఫొటోలు నెమ్మదిగా తెరుచుకోవడం ఒక్కటే మిగిలింది, ఈ వారం దాని మీదే కూర్చుంటున్నా.