మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ అయ్యాక పుట్టింటికి వెళ్ళొచ్చా?

సుధ_హైద్:
గర్భసంచిలో కాకుండా ట్యూబులో ప్రెగ్నెన్సీ అని ఆరో వారం స్కాన్‌లో తెలిసింది. ట్యూబు పగల్లేదు కాబట్టి ఆపరేషన్ లేకుండా, ఆ గర్భం పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇచ్చారు. 4వ రోజు, 7వ రోజు బీటా హెచ్‌సీజీ (రక్తంలో ప్రెగ్నెన్సీ హార్మోన్ ఎంతుందో చూసే) పరీక్షకు రమ్మన్నారు. 4వ రోజుది చేయించాక ఊరెళ్ళి రెస్ట్ తీసుకో, 7వ రోజుది అక్కడే ల్యాబులో ఇవ్వొచ్చుగా అంటున్నారు అత్తయ్య. మాది మార్కాపురం దగ్గర పల్లె, ఆపరేషన్ చేసే ఆస్పత్రికి గంటన్నర పైనే. ఏం చేయమంటారు?

కృష్ణాతీరం:
వెళ్ళిపో తల్లీ. నాకు కడుపు పోయినప్పుడు అత్తగారింట్లో మూడో రోజుకే అంట్లు నా ముందు పెట్టారు, ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. ఇంజెక్షన్ పడ్డాక దాని పని అది చేసుకుంటుంది, నువ్వక్కడ కూర్చుని చేసేదేముంది? తోటకూర, మునగాకు బాగా తిను, రక్తం పడుతుంది.

పద్మజ_స్టాఫ్‌నర్స్:
అమ్మా, ఆ ఆకుకూరల సలహా ఇప్పుడు వద్దు. ఈ మందు పనిచేసేదే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుని, ఆకుకూరల్లో ఉండేది అదే, ఎక్కువ తింటే మందు సరిగ్గా పనిచేయకపోవచ్చు. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపేయమంటారు, ఆకుకూరలు కూడా తగ్గించమంటారు కొందరు డాక్టర్లు. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్ లాంటివి వేసుకోకూడదు. సుధా, ఇంజెక్షన్‌తో కథ అయిపోలేదు, హెచ్‌సీజీ నంబరు బాగా దిగేదాకా ట్యూబు పగిలే ప్రమాదం ఉంటుంది. ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండు.

కృష్ణాతీరం:
తోటకూర తిని చచ్చినవాళ్ళెవరో చెప్పు చూద్దాం.

బుజ్జి_కాకినాడ:
టాపిక్ తోటకూర కాదండీ బాబూ.

పద్మజ_స్టాఫ్‌నర్స్:
చస్తారని నేనన్నానా? మందు సరిగ్గా పనిచేయకపోవచ్చు అన్నాను. చదివి రాయండి.

సుధ_హైద్:
ఇవాళ 4వ రోజు. 1,840 ఉన్నది 2,110 అయింది. ఇంజెక్షన్ ఫెయిలైందని ఇంట్లో గోల. పొద్దున్నుంచి పొత్తికడుపులో నొప్పి కూడా. చాలా టెన్షన్‌గా ఉంది.

పద్మజ_స్టాఫ్‌నర్స్:
4వ రోజుకు పెరగడం చాలామందిలో చూస్తాం. అసలు చూడాల్సింది 4వ రోజుకీ 7వ రోజుకీ మధ్య తేడా. కనీసం 15 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టు, లేకపోతే ఇంకో డోసో ఆపరేషనో డాక్టర్ చెప్తారు. తగ్గినా సరే, నెగటివ్ వచ్చేదాకా వారం వారం పరీక్ష ఉంటుంది, దానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈ రోజుల్లో కాస్త నొప్పి, బ్లీడింగ్ మామూలే అయినా నీ నొప్పి సంగతి ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పు. నొప్పి బాగా పెరిగినా, కళ్ళు తిరిగినా, భుజం కొసన నొప్పి వచ్చినా ఫోన్లతో టైం వేస్ట్ చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్ళిపో.

విజయ్_ఒంగోలు:
భుజం నొప్పి మాట నిజం. మా ఆవిడకి నంబరు తగ్గుతూ ఉండగానే ట్యూబు పగిలింది. భుజం లాగేస్తోందంటే ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ అని మాత్ర ఇచ్చాడు. లోపల రక్తం చేరితే అక్కడ నొప్పి తెలుస్తుందట. ఒంగోలు చేరేసరికి బీపీ పడిపోయింది. గంటన్నర దూరం అంటే నాకు భయం.

కృష్ణాతీరం:
ఇలా రాసి ఆ పిల్లని ఇంకా హడలగొట్టండి! మీ నర్సులకి నంబర్లు తప్ప మనిషి కనిపించదు. దానికి బిడ్డ పోయిందని ఒక్కరైనా అన్నారా? ఆ ఇంట్లో బాత్రూంలో కూర్చుని ఏడవాలి, అంతేగా?

పద్మజ_స్టాఫ్‌నర్స్:
నాకు మనిషి కనిపించదా? పగిలిన ట్యూబుతో స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకునేది నేనేనండీ. ఏడవొద్దని నేననలేదు, ఆస్పత్రి దగ్గర్లో ఏడవమంటున్నా. వాళ్ళమ్మగారే హైదరాబాద్ వస్తే సరిపోతుంది కదా?

బుజ్జి_కాకినాడ:
ఇదేదో మొదటే అడగాల్సింది.

సుధ_హైద్:
అమ్మ వస్తానంది. ఇల్లు చిన్నది, వద్దన్నారు అత్తయ్య. పైగా మీ అమ్మ దగ్గర నెల రోజులుండి రా, వచ్చే నెల మళ్ళీ ప్లాన్ చేసుకోవచ్చు అంటున్నారు. డాక్టర్ మూడు నెలలు ఆగమన్నారని చెప్పినా వినిపించుకోవట్లేదు.

కృష్ణాతీరం:
అలా చెప్పు మరి. రెస్ట్ కోసం కాదు, వదిలించుకోవడానికి పంపుతున్నారన్నమాట. అయితే వెళ్ళకు. మీ అమ్మని రమ్మను, చాపేసుకుని పడుకుంటుంది.

పద్మజ_స్టాఫ్‌నర్స్:
ఆ మూడు నెలలు మందు వల్ల, మొండితనం వల్ల కాదు. 7వ రోజు పరీక్షకి అత్తయ్యగారినే వెంటబెట్టుకెళ్ళు, డాక్టర్ నోటితోనే విననీ.

కృష్ణాతీరం:
ఆవిడెందుకు? ఇంతసేపూ మీ ఆయన మాట ఒక్కటీ రాలేదేంటమ్మా ఇందులో?

సుధ_హైద్:
ఆయన ఎవరినీ నొప్పించరండీ.

కృష్ణాతీరం:
నొప్పి నీకుందిగా. ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, తర్వాత ఆయనకి.