ప్రాంప్టర్ చదువుతుంటే కళ్లు కదలడం కనిపిస్తోంది, ఎలా ఆపాలి?

లోకల్ ఛానల్‌లో రాత్రి 9 గంటల వార్తల బులెటిన్‌ను ప్రాంప్టర్ (కెమెరా ముందు వార్తల అక్షరాలు కదిలే తెర) చూసి చదువుతాను, నిడివి 20 నిమిషాలు. మొదటి 10 నిమిషాలు ఫర్వాలేదు. ఆ తర్వాత క్లోజప్‌లో నా కళ్లు ఎడమ నుంచి కుడికి పరిగెత్తడం స్పష్టంగా తెలిసిపోతోంది. కెమెరాను, ప్రాంప్టర్‌ను కలిపి 6 అడుగుల నుంచి 9 అడుగుల దూరానికి జరిపాం. కాస్త తగ్గింది గానీ పోలేదు. అక్షరాలు పెద్దవి చేస్తే లైనుకు రెండు మాటలే పట్టాయి. క్రియ ఎప్పుడొస్తుందో తెలియక తడబడ్డాను, అది ఇంకా ఘోరం. స్క్రోల్ వేగం తగ్గించినా లాభం లేదు. కంటి పరీక్షలో అంతా బాగానే ఉందన్నారు. చేతిలో కాగితాలుంటే చూపు సహజంగానే ఉంటుంది, కానీ మధ్యలో బ్రేకింగ్ న్యూస్ వచ్చిందంటే అవి దేనికీ పనికిరావు.

లైవ్ చదివిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: 9 అడుగుల దూరంలో లైనుకు ఎన్ని మాటలు ఉంచితే కళ్ల కదలిక కనిపించదు?